తిరుపతిలో లాయర్ అవ్వాలనుకునేవాళ్లకి

ఇంటర్ తర్వాతయితే 5 ఏళ్ల లా, డిగ్రీ అయ్యుంటే 3 ఏళ్లది, ఏపీ లాసెట్ రాయండి, ఇక్కడ ఎస్వీ యూనివర్సిటీలోనే లా ఉంది. గైడ్లు కాదు, బేర్ యాక్టులు, అంటే చట్టం అసలు పాఠం ఉన్న పుస్తకాలు చదవండి. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి ఐపీసీ బదులు బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చినా పాత కేసులు ఐపీసీలోనే నడుస్తున్నాయి కాబట్టి రెండూ రావాల్సిందే, తలనొప్పే అనుకోండి. తర్వాత బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయ్యి ఏఐబీఈ (ఆలిండియా బార్ ఎగ్జామ్) పాసవ్వాలి.

అసలు చదువు సీనియర్ దగ్గరే. పొద్దున్నే వాయిదా డైరీ చూసి కేసు కట్టలు సర్దుకోవాలి, కోర్టులో మన కేసు పిలిచేటప్పటికి సీనియర్ ఇంకో హాల్లో ఉంటే లేచి పాసోవర్, అంటే కేసు కాసేపాగి పిలవమని అడగాలి, ఖాళీ దొరికితే క్యాంటీన్‌కి పోకుండా వేరే లాయర్లు చేసే క్రాస్ (సాక్షిని ఎదుటి పక్షం ప్రశ్నించడం) కూర్చుని వినండి. మొదట్లో డబ్బులు పెద్దగా రావు, ఇంట్లో ముందే చెప్పిపెట్టుకోండి.