‘వెళ్ళిపోయింది ఎవరు?’: ఇంట్లో రికార్డు చేసిన పాటకు మిక్సింగ్ మరమ్మతు

పోయిన ఏప్రిల్‌లో హైదరాబాద్ తార్నాకలోని మా ఇంటి పడకగదిలో ఒక పాట రికార్డు చేశాను. ఒక గొంతు, ఒక అకౌస్టిక్ గిటార్, ఒక కండెన్సర్ మైకు, అంతే. మిక్సింగ్ (విడివిడి శబ్దాలను సరైన పాళ్ళలో కలపడం) పూర్తయిందనుకుని మా పిన్నికి వినిపించాను. విన్నాక ఆమె అడిగిన మొదటి ప్రశ్న: “ఇంతకీ వెళ్ళిపోయింది ఎవరు? నువ్వా, ఆ అమ్మాయా?” పల్లవి చివర నేను పాడింది “వెళ్ళిపోయాను”. ఆమెకు వినబడింది “వెళ్ళిపోయావు”. ఒక్క అక్షరం మునిగిపోయి పాట అర్థమే తలకిందులైంది.

ఆ తరువాత అదే పాటను ఏడుసార్లు మిక్స్ చేశాను. ప్రతిసారీ ఎవరో ఒకరు చెప్పిన మాటే దారి చూపింది. శ్రోతల నోట వచ్చే ఫిర్యాదు వెనుక అసలు కారణం ఏమిటో, దాన్ని ఎలా సరిచేయాలో ఇక్కడ రాస్తున్నాను. గొంతు, గిటార్ విడివిడిగా రికార్డు చేసిన పాటలకు ఇది పనికొస్తుంది. రెండూ ఒకే మైకులోకి కలిసి వెళ్ళిపోయి ఉంటే ఇందులో సగం పనులు సాధ్యం కావు.

ముందు అడగడం నేర్చుకోవాలి

“ఎలా ఉంది?” అని అడిగితే మనవాళ్ళు “బాగుంది” అంటారు. అది అభిమానం, అభిప్రాయం కాదు. నేను అడిగేవి మూడే: ఏ మాట అర్థం కాలేదు? ఎక్కడ ధ్యాస పక్కకు పోయింది? ఎక్కడ సౌండు తగ్గించాలనిపించింది? పాట సాహిత్యం వాళ్ళ చేతికి ఇవ్వకండి. మాట తెలిసిన చెవి వినబడని అక్షరాన్ని కూడా పూరించుకుంటుంది. రాసి, పాడి, వందసార్లు విన్న మనకు ఆ లోపం దొరకకపోవడానికి కారణం అదే.

శ్రోత చెప్పిన చోటు దాదాపు ఎప్పుడూ సరైనదే. చెప్పిన మందు మాత్రం చాలాసార్లు కాదు. “గొంతు పెంచు” అన్నారంటే గిటార్ తగ్గించవలసి ఉండవచ్చు. కాబట్టి ఏ నిమిషం, ఏ సెకను అన్నది రాసుకోండి. ఒకే చోట ముగ్గురు ఆగితే అక్కడ మరమ్మతు తప్పదు. ఒక్కరే ఆగితే ముందు వాళ్ళు విన్న ఫోనులోనో, ఇయర్‌ఫోన్లలోనో మీరూ వినండి.

ఇంకొక జాగ్రత్త. పాత మిక్స్‌ను, కొత్త మిక్స్‌ను పోల్చేటప్పుడు రెండింటి శబ్ద స్థాయి సమానంగా ఉండాలి. ఒక్క డెసిబెల్ పెద్దగా ఉన్నదే చెవికి మెరుగ్గా తోస్తుంది. నా రెండో మిక్స్‌ను అందరూ మెచ్చుకోవడానికి కారణం అది పెద్దగా ఉండడమేనని ఆలస్యంగా గ్రహించాను.

“పాదం చివరి మాట అర్థం కాలేదు”

తెలుగు పాటకు వచ్చే ఫిర్యాదుల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మనది అజంత భాష. మాటలు అచ్చుతో ముగుస్తాయి, ఆ ముగింపులోనే వ్యాకరణమంతా ఉంటుంది. “నేను”, “నువ్వు” అని విడిగా చెప్పకపోయినా క్రియ చివరి అక్షరం చెప్పేస్తుంది. గుండెలో, గుండెకు, గుండెను: తేడా అంతా చివరి అక్షరానిదే. సరిగ్గా అక్కడే పాడేవారి ఊపిరి సన్నబడుతుంది.

మొదటి పరీక్ష తేలికైనది. గిటార్ ట్రాక్‌ను మ్యూట్ చేసి ఆ పాదం వినండి. అప్పుడు మాట స్పష్టంగా వినబడితే లోపం మిక్సింగ్‌లో ఉంది. అప్పటికీ వినబడకపోతే పాడడంలోనే ఉంది. దానికి ఏ ప్లగిన్ (మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకునే పరికరం) పనిచేయదు, ఆ పాదం మళ్ళీ పాడాలి. నేను మైకు స్టాండ్ ఉన్న చోట నేల మీద టేపు అంటించి పెట్టుకుంటాను. వారం తరువాత ఒక్క పాదం పాడినా పాత టేకుతో అతుకు తెలియదు.

నా పాటలో గిటార్ మ్యూట్ చేయగానే “ను” వినబడింది. అంటే గిటార్ దాన్ని కప్పేస్తోంది. న, మ వంటి అనునాసికాలు ముక్కులోంచి వస్తాయి. వాటి బలం ఎక్కువగా 250–300 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) ప్రాంతంలో ఉంటుంది. గిటార్ ఒళ్ళంతా ఒక్కటిగా మోగే 200–400 హెర్ట్జ్ కూడా అదే ప్రాంతం. పైగా నేను తరువాతి పాదానికి స్ట్రమ్మింగ్‌ను (తీగలన్నీ కలిపి మీటడాన్ని) సరిగ్గా ఆ అక్షరం మీదే మొదలుపెట్టాను.

చేసిన పనులు వరుసగా ఇవి. గిటార్ ఈక్యూలో (ఒక్కో హెర్ట్జ్ ప్రాంతాన్ని విడిగా పెంచే, తగ్గించే పరికరంలో) 250 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గించాను. వాల్యూమ్ ఆటోమేషన్‌తో (ఏ క్షణంలో ఎంత సౌండు ఉండాలో గీసిపెట్టే సదుపాయంతో) ఆ ఒక్క “ను” అక్షరాన్ని 3 డెసిబెల్స్ పెంచాను. ఆ ఒక్క స్ట్రమ్‌ను 2 డెసిబెల్స్ దించాను. గొంతు మీద ఉన్న కంప్రెషర్‌లో (పెద్ద శబ్దాలను తనంతట తానే తగ్గించే పరికరంలో) అటాక్, అంటే అది పట్టుకోవడానికి తీసుకునే సమయం, 2 మిల్లీసెకన్లు ఉంది. అంత వేగంగా పట్టుకుంటే హల్లుల మొన విరిగిపోతుంది. దాన్ని 20 మిల్లీసెకన్లకు మార్చాను. రేషియో (తగ్గించే నిష్పత్తి) 3:1, అతి పెద్ద స్వరం దగ్గర కూడా 5 డెసిబెల్స్‌కు మించి తగ్గకుండా చూసుకున్నాను.

పాట మొత్తం మీద మాటలు మసకగా ఉంటే మాత్రం చూడవలసింది 2–4 కిలోహెర్ట్జ్. హల్లుల స్పష్టత చాలావరకు అక్కడే ఉంటుంది. గొంతులో దాన్ని పెంచితే పాట కీచుగా మారుతుంది. గొంతు ఉన్నంతసేపు గిటార్‌లో అక్కడ 2 డెసిబెల్స్ తగ్గించడం మేలు. అలాగే రివర్బ్‌కు (మిక్సింగ్‌లో కలిపే ప్రతిధ్వనికి) 30 మిల్లీసెకన్ల ప్రీడిలే (మొదలయ్యే ముందు ఆలస్యం) ఇవ్వండి. అక్షరం ముందు వచ్చి, ప్రతిధ్వని దాని వెనుక వస్తుంది.

చివరి అక్షరాలన్నిటినీ ఇలా ఒక్కొక్కటిగా సరిచేయడానికి నాకు ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. ఆ పాటకు నేను చేసిన అన్ని పనుల్లోనూ ఎక్కువ ఫలితం ఇచ్చింది ఆ మధ్యాహ్నమే.

“గిటార్ గుంయ్‌మంటోంది”

ఈ మాట ముఖ్యంగా కారులో విన్నవారి నుంచి వస్తుంది. కారణం రెండు చోట్ల ఉండవచ్చు. మొదటిది మైకు. చాలామంది గిటార్ రంధ్రానికి ఎదురుగా పెడతారు. ఆ రంధ్రం వెనుక ఉన్న గాలి దాదాపు 100 హెర్ట్జ్ దగ్గర తనంతట తానుగా మోగుతుంది. 110 హెర్ట్జ్ ఉండే ఐదో తీగ మీటినప్పుడల్లా ఆ మోత పొంగుతుంది. మైకును పన్నెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డ మెట్టు) వైపు తిప్పి, పది అంగుళాల దూరంలో పెట్టండి. రికార్డింగ్ అయిపోయి ఉంటే ఈక్యూలో 90–120 హెర్ట్జ్ మధ్య సన్నని బ్యాండ్‌ను జరుపుతూ, ఎక్కువ పొంగే చోట 4 డెసిబెల్స్ వరకు కోయండి.

రెండో కారణం మన ఇళ్ళలో సహజం. పక్క ఫ్లాట్ వాళ్ళకు ఇబ్బంది కలగకూడదని రాత్రి చిన్న సౌండు పెట్టుకుని మిక్స్ చేస్తాం. సౌండు తగ్గినకొద్దీ చెవికి బేస్ ఇంకా తక్కువగా వినబడుతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి గ్రాఫులుగా గీశారు. చాలడం లేదని రాత్రి మనం కలిపిన బేస్ పగలు కారులో మోతగా బయటపడుతుంది. బేస్ గురించిన నిర్ణయాలు పగలు, మామూలుగా మాట్లాడుకునే స్థాయిలో వింటూ తీసుకోండి.

“ఖాళీ గదిలో పాడినట్టుంది”

టైల్స్ నేల, సున్నం గోడలు, ఎదురెదురుగా నాలుగు చదునైన తలాలు. గది మధ్యలో నిలబడి ఒకసారి చప్పట్లు కొడితే “టర్‌ర్” అని సాగే మోత వినబడుతుంది. ఆ మోత గొంతుతో పాటే రికార్డు అవుతుంది, కంప్రెషర్ వేసేకొద్దీ పైకి లేస్తుంది. రివర్బ్ వేసి కప్పాలని చూడకండి. బురద మీద నీళ్ళు పోసినట్టు అవుతుంది.

మళ్ళీ రికార్డు చేయగలిగితే అదే మంచిది. కార్డియాయిడ్ మైకు (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) మీ వైపు చూస్తుంది, అంటే మీ వెనుక గోడను కూడా చూస్తుంది. కాబట్టి బొంతలు వేలాడదీయవలసింది మైకు వెనుక కాదు, మీ వెనుక. నేను బట్టల బీరువా తలుపులు తెరిచి, దానికి వీపు పెట్టి పాడతాను. పక్కన పరుపు నిలబెడతాను. ఒక అంగుళం మందం ఉన్న ఫోమ్ పలకలు పై శబ్దాలను మాత్రమే మింగుతాయి. వాటికన్నా రెండు మడతలు వేసిన దూది బొంత నయం. నోటికి, మైకుకు మధ్య ఒక జానెడు దూరం చాలు.

“స, శ దగ్గర చెవిలో గుచ్చుకుంటోంది”

ఇయర్‌ఫోన్లలో వినేవారు చెబుతారు. ఊష్మాల (స, శ, ష శబ్దాల) బలం సుమారు 5–8 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. వీటిని తనంతట తానే తగ్గించే డీఎస్సర్ వాడవచ్చు. కానీ ఎక్కువైతే “శ” కాస్తా నత్తిగా మారుతుంది. నాకు చేత్తో చేసే పనే నచ్చుతుంది: ఒక్కొక్క స, శ, ష, చ శబ్దాన్ని తరంగరూపంలో గుర్తించి, అంతవరకే 3–4 డెసిబెల్స్ దించడం. మళ్ళీ పాడేటప్పుడు మైకును నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకు తిప్పండి. ప, భ దగ్గర “ధబ్” మనడం కూడా దీనివల్ల తగ్గుతుంది. మిగిలిన దాన్ని గొంతు ట్రాక్ మీద 80 హెర్ట్జ్ హైపాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది శబ్దాలను ఆపేది) తీసేస్తుంది.

“ఫోనులో గిటార్ మాయమైంది”

మా అక్క వంటగదిలో ఫోను పెట్టుకుని విని ఈ మాట అంది. స్టూడియో హెడ్‌ఫోన్లలో వింటున్న నాకు నమ్మబుద్ధి కాలేదు. కారణం నేను చేసిన ఒక పనే. ఒకే గిటార్ ట్రాక్‌ను కాపీ చేసి, కొన్ని మిల్లీసెకన్లు జరిపి, కుడి ఎడమలకు పంచాను. హెడ్‌ఫోన్లలో అది విశాలంగా ఉంటుంది. రెండు చానళ్ళూ ఒక్కటిగా కలిసి వినబడే చోట అవి కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి.

మాస్టర్ ట్రాక్ (పాటంతా కలిసే చివరి ట్రాక్) మీద, రెండు చానళ్ళనూ ఒక్కటి చేసే మోనో బటన్ నొక్కి వినండి. గిటార్ పలచబడితే కాపీని తీసేసి, అదే భాగాన్ని నిజంగా రెండోసారి వాయించి రికార్డు చేయండి. రెండు మైకులతో ఒకేసారి రికార్డు చేసి ఉంటే ఒకదాని పోలారిటీ (తరంగం పైకీ కిందికీ కదిలే దిశ) తిప్పి చూడండి. ఏది నిండుగా ఉంటే అది ఉంచండి. చిన్న స్పీకర్‌లో అడుగు తీగల మూలస్వరం ఎలాగూ రాదు. గిటార్‌లో 700 హెర్ట్జ్–1 కిలోహెర్ట్జ్ మధ్య కొద్దిగా పెంచితే పైస్వరాల ద్వారా అది ఉన్నట్టు తెలుస్తుంది.

చిన్న ఫిర్యాదులు

“వెనకాల ఏదో సన్నని హోరు.” ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. హోరు పోతే అది కరెంటుదే, మన దగ్గర 50 హెర్ట్జ్, దాని గుణిజాలు. పోకపోతే ఫ్యాను, ఫ్రిజ్, వీధి. ఏప్రిల్‌లో ఫ్యాను ఆపి పాడడం కష్టమే. నేను తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఆరులోపు ముగించాను.

“రెండో చరణంలో శ్రుతి ఎక్కడో కలవలేదు.” ఏసీ ఆపి రికార్డు చేస్తే గది వేడెక్కుతుంది, స్టీలు తీగలు సాగి శ్రుతి కిందికి జారుతుంది. ప్రతి టేకుకు ముందు ట్యూన్ చేయండి. మిక్సింగ్‌లో దీన్ని దిద్దబోతే గిటార్ సహజత్వం పోతుంది.

“మెట్రోలో సగం పాట వినబడలేదు.” తార్నాక నుంచి అమీర్‌పేట దాకా నేనూ విని చూశాను. నిజమే, సన్నగా పాడిన మొదటి చరణం రైలు మోతలో కలిసిపోయింది. మొత్తం పాటను నలిపేసే కంప్రెషన్ వేయకుండా, ఆ చరణాన్ని మాత్రం 2 డెసిబెల్స్ పెంచాను.

“మిగతా పాటలకన్నా చిన్నగా ఉంది.” స్పాటిఫై మామూలు సెట్టింగులో పాటలను −14 లఫ్స్ (చెవికి తోచే సగటు శబ్ద స్థాయికి కొలమానం) దగ్గరికి తెస్తుంది. యూట్యూబ్ కూడా మరీ పెద్దవాటిని తగ్గిస్తుంది. లిమిటర్‌తో (శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వని పరికరంతో) −9 దాకా తోసినా మిగిలేది నలిగిన గిటార్ మాత్రమే. −15 దగ్గర ఉంచి, ట్రూ పీక్ (అసలు గరిష్ఠ స్థాయి) −1 డెసిబెల్ దాటకుండా చూసుకుంటే చాలు.

ఎక్కడ ఆపాలి?

ఒకే చోట ఒకరు “గిటార్ ఎక్కువైంది” అని, మరొకరు “గిటార్ చాలలేదు” అని అంటే అది లోపం కాదు, అభిరుచి. అక్కడ ముట్టుకోకండి. నా ఆరో మిక్స్‌కు వచ్చినవన్నీ అలాంటి మాటలే. అయినా పిన్ని కోసం ఏడోది చేశాను. “ను” మీద ఇంకో ఒక డెసిబెల్, అంతకుమించి ఏమీ లేదు. ఈసారి పాట పూర్తయ్యాక ఆమె అడిగిన ప్రశ్న వేరు: “ఎందుకు వెళ్ళిపోయావురా?”