విశ్వవిద్యాలయంలో విద్యార్థుల పరిశోధన పత్రిక తేవడం ఎలా?

తెలుగు శాఖల్లో పిల్లలు కష్టపడి రాసిన వ్యాసాలను అచ్చులో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పద్యపాదం మధ్యలో విరిగిపోతుంది. ఫుట్‌నోట్ నంబరు ఉంటుంది, పేజీ అడుగున నోటు ఉండదు. "థ" ఉండాల్సిన చోట "ధ" పడుతుంది. రాసినవాళ్లు సరిగ్గానే రాశారు, పత్రికను తెచ్చిన తీరులోనే లోపం ఉంది. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ వస్తున్నాను కాబట్టి చెబుతున్నాను, కాస్త ఓపిక పడితే ఈ తప్పులన్నీ ఆపవచ్చు.

మనుషులు, వ్యాసాలు

నలుగురు చాలు. ఒకరు వ్యాసాలు తెప్పించాలి, ఒకరు పేజీలు పెట్టాలి, ఇద్దరు ప్రూఫులు చూడాలి. పదిమంది సంపాదకవర్గం పేర్లు వేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. సెమినార్ పేపర్లలోంచి ఎనిమిది, పది వ్యాసాలు ఎంచుకోండి. శాఖలో ఒక అధ్యాపకుడికి, వేరే శాఖలో ఒకరికి రచయిత పేరు తీసేసి చూపించండి. వీసీ గారి సందేశం, హెచ్‌ఓడీ గారి సందేశం ఒకే పేజీలో సర్దండి. మిగిలిన పేజీలన్నీ విద్యార్థులవే.

ఐఎస్‌ఎస్‌ఎన్, అంటే పత్రికకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య, దాని కోసం ఎవరికీ డబ్బు ఇవ్వకండి. ఢిల్లీలోని జాతీయ కేంద్రం దాన్ని ఉచితంగా ఇస్తుంది. అచ్చు పత్రికకు ఒక నంబరు, ఆన్‌లైన్ పత్రికకు వేరే నంబరు తీసుకోవాలి.

టైపింగ్, పేజీలు

మొదటి నుంచి చివరి దాకా యూనికోడ్‌లోనే పని జరగాలి. "ప్రెస్ వాళ్లు అను ఫాంట్లే (యూనికోడ్ కాని పాతతరం తెలుగు ఫాంట్లు) అడుగుతున్నారండీ" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అంటారు. అడిగితే వేరే ప్రెస్ చూసుకోండి. యూనికోడ్‌లో టైపు చేసిన వ్యాసాన్ని కన్వర్టర్‌లో వేసి అనులోకి మార్చారంటే ఫుట్‌నోట్లు రాలిపోతాయి, మధ్యలో వచ్చిన ఇంగ్లీషు మాటలు అర్థంలేని తెలుగు అక్షరాలైపోతాయి, అరసున్నలు, బండి ఱ లు ఏమవుతాయో చెప్పలేం. పైగా రేపు ఆ పీడీఎఫ్‌లో ఒక మాట వెతికితే దొరకదు. పరిశోధన పత్రికలో మాట వెతికితే దొరక్కపోతే అది తర్వాతి పరిశోధకుడికి ఎందుకు పనికొస్తుంది?

పేజీలు పెట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు, దాన్ని వదిలేయండి. ఇన్‌డిజైన్ ఉంటే అందులో మన లిపులు సరిగా కూర్చే వరల్డ్-రెడీ కంపోజర్ ఆన్ చేయండి, లేకపోతే వత్తులు విడిపోతాయి. ఏదీ లేకపోతే లిబ్రె ఆఫీస్ రైటర్ చాలు. నిజానికి విద్యార్థి పత్రికకు అదే సరైనది, ఉచితం, ఫుట్‌నోట్లు వాటంతటవే సర్దుకుంటాయి. ఫాంట్లకు కొదవ లేదు. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, గిడుగు, సురవరం అన్నీ ఉచితంగా దొరుకుతాయి. వ్యాసానికి మండలి, శీర్షికకు రామభద్ర వాడండి, మూడో ఫాంటు వద్దు. ఒకే కాలమ్ పెట్టండి. రెండు కాలమ్‌లు పెడితే వృత్తపద్యం పాదం ఒక వరుసలో పట్టదు.

ప్రూఫు, అసలు పని ఇక్కడే

పత్రిక పాడయ్యేది ఈ దశలోనే. అందరూ దీన్ని చివరి రెండు రోజులకు తోసేస్తారు. కనీసం రెండు వారాలు దీనికే ఉంచండి.

ప్రూఫు తెర మీద చూడకూడదు. కాగితం మీద ప్రింటు తీయండి. రాసినవాళ్ల చేత మొదటి ప్రూఫు చూపించకండి, వాళ్ల కళ్లు తాము రాయాలనుకున్నదే చదువుతాయి. ఇద్దరు కూర్చోవాలి. ఒకరు మూలప్రతి పైకి చదవాలి, కామాలతో సహా. రెండోవారు ఎర్ర పెన్నుతో ప్రూఫు దిద్దాలి. గంటకోసారి చోటు మార్చుకోండి.

ఉటంకింపుల దగ్గర మూలప్రతి అంటే విద్యార్థి ఇచ్చిన ఫైలు కాదు, లైబ్రరీలోని పుస్తకం. విద్యార్థులు ఇప్పుడు పద్యాలు వికీసోర్స్ నుంచో, స్కాన్ చేసిన పుస్తకాన్ని ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టైపు అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్) చేసో తెచ్చుకుంటున్నారు. అందులో తప్పు లేదు. కానీ ఓసీఆర్‌కు ద, ధ, థ తేడా సరిగా తెలియదు. వ ను ప గా, చ ను ఛ గా చదువుతుంది. వచ్చిన మాట కూడా చాలాసార్లు తెలుగు మాటే కావడం వల్ల చదువుతుంటే అనుమానం రాదు.

పద్యమైతే మన దగ్గర మంచి సాధనం ఒకటుంది. గణాలు కట్టండి. ఉత్పలమాల పాదంలో 20 అక్షరాలు, భ ర న భ భ ర వ గణాలు, పదో అక్షరం యతి. యతి చంపకమాలకు పదకొండో అక్షరం, శార్దూలానికి పదమూడు, మత్తేభానికి పద్నాలుగు. గణం తప్పినా, యతి కుదరకపోయినా, ప్రాస చెడినా ఆ పాదంలో అచ్చుతప్పు ఉందన్నమాటే, పుస్తకం తెరవండి. దీర్ఘం పోవడం, ద్విత్వం పోవడం, సున్న ఎగిరిపోవడం ఇలా వెంటనే దొరుకుతాయి. ద కు ధ పడితే మాత్రం గణం మారదు, కాబట్టి గణాలు కుదిరాయని పుస్తకం చూడకుండా వదలకండి.

ఫుట్‌నోట్‌లో పేజీ నంబరు ఒక్కటీ ఇస్తే చాలదు. ఎన్నో ముద్రణ, ఏ సంవత్సరం, ఎవరి ప్రచురణ అన్నవి లేకపోతే ఆ నంబరుకు అర్థం లేదు, ముద్రణ మారితే పేజీ మారుతుంది. ప్రతి నోటుకూ పుస్తకం తెరిచి పేజీ చూడండి. పుస్తకం దొరకలేదంటే విద్యార్థిని పిలిచి ఎక్కడ చదివారో అడగండి. వేరేవాళ్ల సిద్ధాంత గ్రంథంలో చూసి ఉంటే ఆ గ్రంథం పేరే వేయాలి. దీని మీద మొహమాటం వద్దు.

ఇంకో చిన్న సంగతి. "హాస్టల్‌లో", "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని ఒక అక్షరం ఉంటుంది. అది పోతే "హాస్టల్లో", "సాఫ్ట్వేర్" అయిపోతాయి. ఫైళ్లు చేతులు మారినప్పుడు ఇది పోతుంటుంది, ఇంగ్లీషు మాటలున్న వరుసలు విడిగా ఒకసారి చూడండి.

మూడో ప్రూఫు తర్వాత ఎవరు అడిగినా వాక్యాలు మార్చకండి. దిద్దిన వరుసలోనే కొత్త తప్పు పడుతుంది.

ప్రెస్

మధ్యలో పిన్ను కొట్టించేటట్లయితే పేజీల సంఖ్య నాలుగుతో భాగించబడాలి. లోపల 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మ్యాప్‌లిథో కాగితం, అట్టకు 250 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డు చాలు. అట్ట డిజైన్‌కు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అదనంగా వదలండి. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఇవ్వండి, దిద్దడానికి వీలున్న ఓపెన్ ఫైలు ఇవ్వకండి, అక్కడెవరో మంచి ఉద్దేశంతోనే దిద్దుతారు. మొదటి ఫారం (ఒకేసారి అచ్చయ్యే పేజీల పెద్ద కాగితం) మిషన్ మీద ఉండగా ఎవరో ఒకరు వెళ్లి చూసుకోవాలి.

అచ్చయిన వారంలోగా ప్రతి రచయితకూ రెండు కాపీలు, విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి రెండు, శాఖ లైబ్రరీకి ఒకటి అందాలి. దిద్దిన ప్రూఫుల కట్టను పారేయకుండా వచ్చే సంచిక తెచ్చేవాళ్లకు ఇవ్వండి.