మీ ఏరును మీరే గీసుకోండి: మనసు కుదుటపడేందుకు ఒక చిత్రసాధన

నోటితో చెప్పబోతే గొంతులోనే ఆగిపోయే బాధ కొన్నిసార్లు చేతి వేళ్లలోంచి బయటికి వస్తుంది. బ్రిటన్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ క్షయవ్యాధితో శానిటోరియంలో ఉన్న రోజుల్లో బొమ్మలు వేసుకుంటూ ఊరట పొంది, తోటి రోగులకూ ఆ అలవాటు చేశాడు. 1942లో ఆ పనికి ఆర్ట్ థెరపీ అనే పేరు పెట్టింది ఆయనే. శిక్షణ పొందిన నిపుణుల సమక్షంలో జరిగేదే అసలైన చికిత్స. ఇక్కడ నేను చెప్పేది ఇంట్లో ఒక్కరే కూర్చుని చేసుకోదగిన సాధన మాత్రమే.

"నాకు బొమ్మలు రావు" అని వెనక్కి తగ్గకండి. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవారికి మార్కర్లు, బంకమట్టి, కాగితపు ముక్కలు ఇచ్చి 45 నిమిషాలు తోచింది చేయమంది. 2016లో ప్రచురించిన ఆ చిన్న అధ్యయనంలో సుమారు 75 శాతం మందికి ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ అనే హార్మోను తగ్గింది, కళలో ముందు అనుభవం ఉండటానికీ లేకపోవడానికీ తేడా కనిపించలేదు. ధనుర్మాసంలో వాకిట ముగ్గు పెట్టిన చేతికి గీత అలవాటే. అయితే ముగ్గు నలుగురూ చూసి మెచ్చుకోవడానికి పెడతాం, చుక్క తప్పితే చెరిపేస్తాం. ఈ బొమ్మను చూసేది మీరొక్కరే కాబట్టి దేనినీ చెరపకండి.

సామగ్రిని ఆ రోజు మనఃస్థితిని బట్టి ఎంచుకోవాలి. నీళ్ల రంగులు ఎటు పడితే అటు పారి మనసునూ వదులు చేస్తాయి కనుక, మొద్దుబారిపోయి ఏడుపు కూడా రాని వారికి అవి మంచివి. ఇప్పటికే దుఃఖం పొంగి ఉన్నవారు పెన్సిల్, క్రేయాన్ల వంటి గట్టి వస్తువులతో మొదలుపెట్టడం మేలు. కోపం ఉన్న రోజున వినాయక చవితికి తెచ్చుకునేలాంటి బంకమట్టిని పిసకండి, అది ఏ ఆకారమూ కాకపోయినా పరవాలేదు.

మన గోదావరి పల్లెల వారికి నేను మొదట చెప్పే అభ్యాసం ఏరు గీయడం. కాగితాన్ని అడ్డంగా పెట్టి, ఎడమ అంచు మీ పుట్టుక, కుడి అంచు ఈ రోజు అనుకుని, మీ జీవితాన్ని ఒక ఏరుగా గీయండి. వేసవిలో నీరు సన్నబడి ఇసుక తేలిన సంవత్సరాలు ఏవి, ఎర్రనీరు వచ్చి లంకలు మునిగిన సంవత్సరాలు ఏవి, మీకు ఏటిగట్టులా నిలిచినవారు ఎవరు, ఆ గట్టుకు ఎక్కడ గండి పడింది అన్నవి ఒక్కొక్కటిగా రంగుతో చూపించండి. ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలినట్టు మీ దారి రెండుగా చీలిన చోట, మీరు వెళ్లని పాయను కూడా కొంత దూరం గీయండి. చాలామంది చెయ్యి ఆగేది అక్కడే, ఆగితే ఆగనివ్వండి. ఒక్క విషయం గట్టిగా చెప్పాలి: వరద వచ్చిన ప్రతిచోటా ఒండ్రు మేట వేసిందని, కష్టం మేలే చేసిందని చూపించుకోనక్కరలేదు. కొన్ని గండ్లు పొలం నిండా ఇసుక పోసి పోతాయి, అక్కడ ఇసుకే గీయండి.

అరగంట చాలు. తరువాత బొమ్మను నాలుగడుగుల దూరంలో గోడకు ఆనించి కాసేపు ఊరికే చూడండి. ముందుగా కంటికి ఏది తగిలింది, ఏ చోటు ఖాళీగా ఉంది, ఏ చోట చెయ్యి ఎక్కువగా నొక్కింది అన్నవి కాగితం వెనుక రెండు మూడు వాక్యాల్లో రాసి తేదీ వేయండి. నాన్న పోయిన ఏడాది నేను గీసిన ఏటిలో రేవు ఉంది, మెట్లు ఉన్నాయి, పడవ లేదు. నేను ఇంకా ఎదురుచూస్తున్నానని ఆ ఖాళీని చూశాకే నాకు అర్థమైంది. నలుపు వాడితే నిరాశ, ఎరుపు వాడితే కోపం అనే పట్టికలను నమ్మకండి. మీ రంగుకు అర్థం మీరు చెప్పవలసిందే. ఆఖరున చేతులు కడుక్కుని, కాలవ గట్టు మీద కాసేపు నడిచి వచ్చాకే మళ్లీ ఇంటిపనిలో పడండి.

గీస్తుంటే గుండె దడ పెరిగినా, భయంకరమైన దృశ్యం కళ్లముందు కదలాడినా, వెంటనే కాగితం తిప్పేసి లేవండి. అదే మళ్లీ మళ్లీ వస్తుంటే ఒంటరిగా కొనసాగించకుండా మానసిక వైద్యుల దగ్గరకు వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ ఉచిత సేవ, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

వరద చూసిన పిల్లలు మునిగిన ఇంటినే పదేపదే వేస్తే కంగారుపడి ఆపించకండి, "ఇదేమిటి?" అని నిలదీయకండి. "దీని గురించి చెప్పమ్మా" అని పక్కన కూర్చోండి. చెప్పకపోతే ఊరుకోండి. మీ బొమ్మను ఎవరికైనా చూపాలనిపిస్తే, బాగుందనీ బాగాలేదనీ అనవద్దని, చూసి ఊరుకోమని ముందే అడిగి, ఆ మాట నిలబెట్టుకోగల ఒక్కరికే చూపించండి.