మళ్లీ మహమ్మారి రాకముందే అద్దె ఇళ్లవారు చేసి పెట్టుకోవలసిన పనులు

2020 మార్చి రెండో వారంలో రాష్ట్రంలో తొలి కరోనా కేసు మన నెల్లూరులోనే బయటపడింది. ఆ తరువాతి వారాల్లో అద్దె ఇళ్లలో ఉన్నవారిని జ్వరం కన్నా ఎక్కువగా భయపెట్టిన మాట ‘ఇల్లు ఖాళీ చేయండి’ అన్నది. వేదాయపాళెంలో అప్పట్లో మేముంటున్న ఇంటి పై పోర్షన్‌లో ఒక నర్సు ఉండేవారు. ఆమె డ్యూటీ నుంచి వచ్చే వేళకు గేటుకు లోపల గొళ్లెం వేసి ఉండేది. రెండో రోజుకు ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు కూడా ఆపేశారు. పొమ్మనలేక పొగపెట్టడమంటే ఏమిటో అప్పుడు కళ్లారా చూశాను. ఆమె దగ్గర అగ్రిమెంటు లేదు, చేతికిచ్చిన అద్దెకు రసీదు లేదు. చట్టం ఆమె పక్షానే ఉన్నా, ఆ ఇంట్లో అద్దెకుంటున్నానని చూపించుకోవడానికి ఒక్క కాగితం కూడా లేకపోయింది.

కాబట్టి ఊరు ప్రశాంతంగా ఉన్న ఈ రోజుల్లోనే ఆ కాగితాలు సమకూర్చుకోవాలి. పదకొండు నెలల అగ్రిమెంటు అయినా సరే, స్టాంపు పేపరు మీద ఇద్దరూ సంతకాలు చేసి చెరొక ప్రతి ఉంచుకోవాలి. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, కరెంటు, నీళ్ల ఖర్చు ఎవరిది అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. మన రాష్ట్రంలో ఎంత కాలానికి రాసుకున్నా అద్దె ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అద్దెను వీలైనంతవరకు ఫోన్‌పే ద్వారానో బ్యాంకు ద్వారానో పంపి, ‘ఫలానా నెల అద్దె’ అని అందులో రాయాలి. చేతికే ఇవ్వవలసి వస్తే ఒక చిన్న పుస్తకంలో సంతకం తీసుకోవాలి. ‘ఆంటీ మనవాళ్లే, సంతకం ఎలా అడుగుతాం?’ అని చాలామంది మొహమాటపడతారు. మంచిగా ఉన్నప్పుడు అడిగితే ఎవరూ తప్పుపట్టరు, గొడవ వచ్చాక అడిగితే మాత్రం ఎవరూ ఇవ్వరు.

2020లో అద్దెదారులకు దొరికిన రక్షణ ఎంతవరకో కూడా తెలుసుకోవాలి. ఆ మార్చి 29న కేంద్ర హోంశాఖ విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం కార్మికులను, వలస కూలీలను ఒక నెలపాటు అద్దె అడగకూడదు, కూలీలను గానీ విద్యార్థులను గానీ బలవంతంగా ఖాళీ చేయించే యజమానులపై చర్య తీసుకోవాలి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల దగ్గర గదుల్లో ఉండే పొరుగు రాష్ట్రాల కూలీల వంటి వారికి అది అక్కరకు రావలసిన ఉత్తర్వు. అయితే అది ఆ సమయానికి ఇచ్చినదే, మళ్లీ ఆపద వస్తే దానంతట అది అమల్లోకి రాదు. పైగా లాక్‌డౌన్ వచ్చినంత మాత్రాన అద్దె మాఫీ కాదని, ఖాన్ మార్కెట్‌లోని ఒక దుకాణం కేసులో ఢిల్లీ హైకోర్టు అదే ఏడాది మే 21న తేల్చింది. అందుకే అద్దె మొత్తం ఆపేయమని నేను ఎవరికీ చెప్పను. ఆ అద్దె మీదే మందులు కొనుక్కునే వృద్ధ యజమానులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. కూలి ఆగిన వెంటనే, నెల దాటకముందే, ఇప్పుడు ఎంత ఇవ్వగలరో, మిగతాది ఏ తేదీలోగా తీరుస్తారో వాట్సాప్‌లో రాసి పంపి, ఆ కొంతైనా చెల్లించాలి.

వైద్య సిబ్బందికి మాత్రం గట్టి రక్షణ ఉంది. 2020 సెప్టెంబరులో అంటువ్యాధుల చట్టానికి చేసిన సవరణ ప్రకారం, మహమ్మారి కాలంలో వారి నివాసానికీ ఉద్యోగానికీ అడ్డు తగిలేలా వేధించడం కూడా హింస కిందికే వస్తుంది. దానికి మూడు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా విధించవచ్చు.

మిగిలినవారికి ఏ కాలంలోనైనా పనికొచ్చే అండ ఒకటుంది. గడువు తీరినా, నోటీసు ఇచ్చినా, అద్దెదారును కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి తప్ప తాళం వేసి, సామాను వీధిలో పెట్టే హక్కు యజమానికి లేదు. అలా చేస్తే నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల లోపు దావా వేసి ఇంటిని తిరిగి పొందవచ్చు. ఆ ఆరు నెలలు దాటనివ్వకండి. తాళాన్నీ, బయటపడేసిన సామానునూ వెంటనే ఫోటో తీసి, 112కు ఫోన్ చేసి, స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. అక్కడ ‘ఇది సివిల్ తగాదా’ అని పంపేయబోతే, అద్దె లెక్కల గురించి కాకుండా బెదిరింపు, దారి అడ్డగించడం, తాళం వేయడం గురించి ఫిర్యాదు చేస్తున్నామని చెప్పి, రసీదు అడగండి. నెల్లూరు, ఒంగోలు కోర్టు ప్రాంగణాల్లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలు మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని పెడతాయి. వారి సహాయం కోసం 15100కు ఫోన్ చేయవచ్చు. లాక్‌డౌన్‌లో బయటికి వెళ్లే వీలుండదు కనుక ఆ నంబరును, అగ్రిమెంటు ఫోటోను ఇప్పుడే ఫోన్‌లో దాచుకుని, మరో ప్రతిని ఊళ్లోని అన్నకో అక్కకో పంపి ఉంచండి.