కొత్తగా చేరిన జేఆర్‌ఎఫ్‌లకి మెదడు, కండరాల మెటబాలిజం పని ఎలా నేర్పాలి

ఎమ్మెస్సీ ముగించి, జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) తెచ్చుకుని ల్యాబ్‌లో చేరే పిల్లలకి గ్లైకాలిసిస్ (కణం గ్లూకోజ్‌ను విడగొట్టే తీరు) పది మెట్లూ నోటికి వస్తాయి. క్రెబ్స్ సైకిల్ నిద్రలో లేపి అడిగినా గీస్తారు. కానీ తమ చేతిలో ఉన్న కండరం ముక్కలో ఆ రసాయనాలన్నీ ఈ సెకనులోనే మారిపోతున్నాయన్న స్పృహ ఉండదు. డీఎన్‌ఏ మనకోసం ఆగుతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఆగదు. అందుకే హైదరాబాద్‌లో నా దగ్గర చేరినవాళ్ళకి కిట్ల కన్నా, సాఫ్ట్‌వేర్ల కన్నా ముందు గడియారం చూస్తూ పని చేయడం నేర్పుతాను. కొత్తవాళ్ళని చూసుకునే బాధ్యత మీమీద పడితే ఈ పద్ధతి పనికొస్తుంది.

మొదట రెండు టెస్ట్‌ట్యూబులు

ఒక ట్యూబులో పొటాషియం ఫాస్ఫేట్, రెండో దాంట్లో అప్పుడే కలిపిన ఫాస్ఫోక్రియేటిన్ (ఏటీపీని తిరిగి నింపే ఫాస్ఫేట్ నిల్వ) పోయించండి. రెండింటిలోనూ ఆమ్లం కలిసిన మాలిబ్డేట్, ఆపైన అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం (విడి ఫాస్ఫేట్ ఉంటే ఇవి నీలం రంగునిస్తాయి) వేసి, 660 నానోమీటర్ల దగ్గర నిమిషానికోసారి రీడింగ్ రాయమనండి. మొదటి ట్యూబులో నీలం రంగు కాసేపట్లో వచ్చి నిలబడుతుంది. రెండో దాంట్లో తక్కువగా మొదలై, ముదురుతూ పోతుంది. దాదాపు అందరూ "మేడమ్, రెండోది సరిగ్గా రాలేదు, మళ్ళీ చేస్తాను" అంటారు. చేయనివ్వండి. మళ్ళీ అలాగే వస్తుంది. అప్పుడు ఎందుకని అడగండి. జవాబు మాత్రం మీరు చెప్పకండి, ఆ సాయంత్రమంతా ఆలోచించనివ్వండి.

మర్నాడు అసలు కథ చెప్పండి. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే ఈ పద్ధతిని 1925లో ప్రచురించారు. కండరం నుంచి తీసిన ద్రవంలో రంగు రావడం ఆలస్యమవుతోందని గమనించి, ఆ ఆలస్యం వెంటపడ్డారు. కొలిచే ఆమ్లంలోనే మెల్లగా విడిపోయే పదార్థం ఒకటి కండరంలో ఉందని తేలింది. అదే ఫాస్ఫోక్రియేటిన్, 1927లో బయటపెట్టారు. అంతకుముందు దాన్ని కూడా మామూలు ఫాస్ఫేట్ లెక్కలోనే వేసేవారు. ఈ ప్రయోగాన్ని స్వయంగా చేసిన పిల్లలకి నా ల్యాబ్ నియమం వేరే చెప్పక్కర్లేదు: కారణం రాయకుండా ఏ రీడింగూ కొట్టేయకూడదు.

చికెన్ షాపు నుంచి

రెండో పనికీ మైస్ (చిట్టెలుకలు) అక్కర్లేదు. షాపు నుంచి కోడి రొమ్ము మాంసం, తొడ మాంసం తెప్పించండి. రెండింటిలోనూ మైటోకాండ్రియాలో ఉండే సిట్రేట్ సింథేజ్ అనే ఎంజైమ్ చర్యను డీటీఎన్‌బీ అనే పసుపు రంగునిచ్చే రసాయనంతో, 412 నానోమీటర్ల దగ్గర కొలిపించండి. మైటోకాండ్రియా (కణంలో ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే భాగాలు) ఎక్కువున్న తొడలో పసుపు రంగు వేగంగా వస్తుంది. ఈ ఎంజైమ్ ఫ్రీజర్‌లో బాగానే నిలుస్తుంది కాబట్టి చేయి తిరిగేదాకా ఎన్నిసార్లైనా చేయొచ్చు. ఇక్కడే ఇంకో అలవాటు పడాలి. నోట్‌బుక్‌లో ఉత్త "కండరం" అని రాస్తే నేను ఒప్పుకోను. మైస్‌లో పిక్క దగ్గరి సోలియస్ నిదానంగా సంకోచించే, ఆక్సిజన్ మీద బతికే కండరం. కాలి ముందువైపు ఉండే ఈడీఎల్ వేగంగా సంకోచించేది. పిక్కలోని పెద్ద కండరం గ్యాస్ట్రాక్నీమియస్‌లో ఎరుపు భాగం వేరు, తెలుపు భాగం వేరు. ఏది తీశారో, ఏ కాలుదో రాయాలి.

శాంపిల్ తీయడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. మన శరీర బరువులో మెదడు 2 శాతమే అయినా, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తిలో దాని వాటా 20 శాతం దాకా ఉంటుంది. రక్తం ఆగిందంటే ఎలుక మెదడులో ఫాస్ఫోక్రియేటిన్ నిమిషంలోపే చాలావరకు అయిపోతుంది, దాని వెనకే ఏటీపీ పడిపోతుంది, లాక్టేట్ పెరిగిపోతుంది. పుర్రె తెరిచి, హిప్పోకాంపస్ (జ్ఞాపకాలకు సంబంధించిన మెదడు భాగం) జాగ్రత్తగా వేరుచేసి, ద్రవ నైట్రోజన్‌లో వేసేసరికి ఆ కథంతా ముగిసిపోయి ఉంటుంది. అలా తీసిన ముక్కలో లాక్టేట్ కొలిచి "మెదడులో లాక్టేట్ ఇంత" అని రాసేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. వాళ్ళు కొలిచింది చావు తర్వాతి లాక్టేట్. నిజమైన విలువ కావాలంటే తలకు మాత్రమే మైక్రోవేవ్ పెట్టి క్షణంలో ఎంజైములను ఆపే యంత్రం కావాలి. అది లేకపోతే ఎంజైములు, ప్రోటీన్లు లాంటి నిలిచే వాటినే కొలవాలి.

కండరం కొంత నయం. విశ్రాంతిలో ఉన్నప్పుడు దాని ఖర్చు తక్కువ. కానీ ఫోర్సెప్స్‌తో లాగితే అది సంకోచిస్తుంది, లాక్టేట్ పెరుగుతుంది. ద్రవ నైట్రోజన్‌లో ముంచి ఉంచిన అల్యూమినియం పట్టకారుతో నొక్కి రేకులా గడ్డకట్టించాలి. మైనస్ 196 డిగ్రీల్లో పని కాబట్టి కళ్ళద్దాలు, గాలి ఆడే గది తప్పనిసరి.

జంతువు లేకుండా ఉత్త రిహార్సల్స్ చేయించండి. ఒకరు స్టాప్‌వాచ్ పట్టుకుని సెకన్లు పైకి చెప్పాలి, ఒకరు తీయాలి, ఒకరు ట్యూబు అందించాలి. లేబుళ్ళు ముందురోజే అతికించి ఉండాలి. తడబాటు లేకుండా జరిగేదాకా అసలు జంతువును ముట్టుకోనివ్వను. నోట్‌బుక్‌లో తీసిన టైము, చివరిసారి మేత ఎప్పుడు, లైట్లు ఎప్పుడు ఆరాయి, మత్తు ఏది అన్నవి ఉండాలి. మైస్ రాత్రిపూట తింటాయి. రాత్రంతా పస్తుంచితే లివర్ గ్లైకోజెన్ (గ్లూకోజ్ నిల్వ) దాదాపు ఖాళీ. మత్తుకి ఐసోఫ్లూరేన్ ఇస్తే రక్తంలో గ్లూకోజ్ పెరుగుతుంది. ఈ వివరాలు లేని అంకెను నేను గ్రాఫ్‌లో పెట్టనివ్వను.

పనులు మార్చండి

మెదడు మీద పనిచేసే పిల్లల్ని కండరం బెంచీకి, కండరం వాళ్ళని మెదడు బెంచీకి కొన్నాళ్ళు మార్చండి. కండరం నుంచి మైటోకాండ్రియా బాగా రావాలంటే ప్రోటియేజ్ (ప్రోటీన్లను విడగొట్టే ఎంజైమ్) కావాలి. మెదడు అయితే మైలిన్ (నరాల మీది కొవ్వు పొర), సినాప్టోసోములు (తెగిన నరాల కొసలు) అడ్డొస్తాయి, పెర్కాల్ గ్రేడియంట్ (సాంద్రత మెట్లుగా మారే ద్రవం) మీద వేరుచేయాలి. ఒకరి కష్టం ఇంకొకరికి తెలుస్తుంది.

తర్వాత ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ ముందు కూర్చోబెట్టండి. ఆక్సిజన్‌ను తొలగించే డైథయోనైట్‌తో సున్నా సరిచూశాక, ఇంధనంగా గ్లుటమేట్, మాలేట్ ఇచ్చి ఏడీపీ (ఏటీపీగా మారే పదార్థం) వేస్తే రెండు రకాల మైటోకాండ్రియా ఆక్సిజన్‌ను చకచకా వాడేస్తాయి. ఏడీపీ వేసినా గీత వాలు మారకపోతే ఆ ప్రిపరేషన్ పారబోయండి. ఇప్పుడు కొవ్వు ఇంధనమైన పామిటాయిల్ కార్నిటిన్ ఇవ్వండి. కండరం పరుగెడుతుంది, మెదడు గీత దాదాపు కదలదు. మెదడు కొవ్వును నేరుగా పెద్దగా మండించదన్న మాట అప్పుడు కళ్ళకు కడుతుంది. వెంటనే బోర్డు దగ్గర నిలబెట్టి అడగండి: మరి పస్తున్నప్పుడు మెదడు ఏం తింటుంది? కండరంలో గ్లైకోజెన్ ఉంది కదా, అది ఎందుకు ఇవ్వదు? కండరంలో గ్లూకోజ్‌ను రక్తంలోకి వదిలే గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ ఎంజైమ్ లేదని, లాక్టేట్‌గా లివర్‌కి పంపడమే దారి అని, పస్తు పొడవైతే మెదడు కీటోన్లకి (లివర్ కొవ్వు నుంచి తయారుచేసే ఇంధనం) మారుతుందని (కాహిల్ బృందం 1967లో మనుషుల్లో చూపించింది) తడుముకుంటూ అయినా వాళ్ళే చెప్పాలి.

సెల్ కల్చర్ గురించి రెండు మాటలు చాలు. రక్తంలో గ్లూకోజ్ 5 మిల్లీమోలార్ దగ్గర ఉంటే, కణాలను పెంచడానికి మామూలుగా వాడే డీఎమ్‌ఈఎమ్ ద్రవంలో 25 ఉంటుంది. ఎందుకు వాడుతున్నారో అడగండి. కణాలు ఆక్సిజన్ వాడే వేగాన్ని కొలిచే సీహార్స్ యంత్రంలో, ఆ వేగాన్ని గరిష్ఠానికి తెచ్చే ఎఫ్‌సీసీపీ మోతాదు ఏ కణానికి ఆ కణమే వేరుగా తేల్చుకోవాలి, పక్క ల్యాబ్ మోతాదు అరువు తెచ్చుకోకూడదు.

ప్రతి సోమవారం ఒక గంట ముడి రీడింగులే చూడండి, స్లైడ్లు వద్దు. గీతలో వంకర ఉన్నచోట ఆపి, ఆ నిమిషంలో ఏం జరిగిందో నోట్‌బుక్‌లో వెతకమనండి.

ఇవన్నీ దాటాక జంతువుల ఎథిక్స్ కమిటీ దరఖాస్తును వాళ్ళ చేతే రాయించండి. ఎన్ని జంతువులు, ఎందుకన్ని అన్న గడి పక్కన ఇంకో వరుస చేర్పిస్తాను: తీసే పద్ధతికి ఎన్ని సెకన్లు పడుతుంది, అంతసేపట్లో కొలవాలనుకున్నది నిలుస్తుందా? నిలవదని తేలిన దరఖాస్తు మీద నేను సంతకం పెట్టను.