కసరత్తు చేస్తున్నా కండ పట్టడం లేదా? నిద్ర ఎక్కడ తెగుతోందో చూడండి

మహారాష్ట్రలోని బల్లార్‌పూర్, రాజురా, చంద్రపూర్ ప్రాంతాల్లో బొగ్గు గనుల్లోనూ కాగితపు మిల్లులోనూ షిఫ్టుల మీద పనిచేసే మన తెలుగువాళ్లు, అటు సిరొంచా వైపు పోలీసు భర్తీకి పరుగు సాధన చేసే పిల్లలు, వ్యాయామశాలలో నన్ను అడిగేది దాదాపు ఒకటే: తింటున్నాం, కష్టపడుతున్నాం, అయినా కండ పట్టడం లేదు, ఏ పొడి వాడమంటారు? పొడి సంగతికి ముందు నేను నిద్ర గురించి అడుగుతాను. బరువులు ఎత్తినప్పుడు కండ పోగులు దెబ్బతింటాయి. వాటి మరమ్మతు, కొత్త ప్రోటీన్ కట్టుబడి ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లో జరుగుతాయి, అందులో నిద్రది పెద్ద వాటా. 2021లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో, ఒక్క రాత్రి పూర్తిగా మేలుకున్న ఆరోగ్యవంతులలో కండ ప్రోటీన్ తయారీ 18 శాతం తగ్గింది; శరీరాన్ని కరిగించే వైపు పనిచేసే కార్టిసాల్ 21 శాతం పెరిగింది.

కాబట్టి ముందుగా రెండు వారాల పాటు ఒక నోటుబుక్కులో పడుకున్న వేళ, లేచిన వేళ, మధ్యలో మెలకువలు, ఆ రోజు ఎత్తిన బరువు రాసుకోండి. నిద్ర మొదట్లో తెగుతోందా, చివర్లోనా, మధ్యలోనా అన్నది తెలిస్తే చేయవలసిన మార్పు కూడా దాదాపు తేలిపోతుంది.

సమస్య: నైట్ షిఫ్ట్ వారం రాగానే ఎత్తగలిగే బరువులు తగ్గిపోతాయి, ఒళ్లు నొప్పులు మూడు నాలుగు రోజులైనా తగ్గవు

పగటి నిద్ర రాత్రి నిద్రకు సమానంగా సాగదు. వెలుగు చూడగానే మెదడు నిద్ర తెప్పించే హార్మోన్ అయిన మెలటోనిన్‌ను ఆపేస్తుంది, శరీర ఉష్ణోగ్రత పెరిగే వేళలో మనం పడుకోబోతాం, దానికి తోడు వీధిలో కూరల బండి అరుపులు, ఇంట్లో కుక్కర్ కూతలు. ఏడు గంటలు పడుకున్నామని అనుకున్నవాళ్లు నోటుబుక్కు తీస్తే ఐదు గంటలు కూడా సరిగ్గా లేదని తేలడం నేను తరచూ చూస్తున్నాను.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు, షిఫ్ట్ దిగి నేరుగా జిమ్‌కు రావడం. అలా వస్తే అలసిన ఒంటితో బరువులు ఎత్తుతారు, పైగా ఒళ్లు వేడెక్కి, ఉదయపు ఎండ కళ్లలో పడి, రావలసిన నిద్ర ఇంకో రెండు గంటలు వెనక్కి పోతుంది. ఇంటికి వెళ్లేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. తేలికగా తిని వెంటనే పడుకోండి. కిటికీకి పలుచని పరదా చాలదు. ముదురు దుప్పటిని నాలుగు మూలలా మేకులకు బిగించి కట్టాలి, లోపల నిలబడి చెయ్యి చాచి చూస్తే వేళ్లు కనబడనంత చీకటి ఉండాలి. ఉదయం నిద్ర చాలకపోతే షిఫ్ట్‌కు వెళ్లే ముందు గంటన్నర పడుకోండి. కసరత్తును సాయంత్రం, లేచి తిన్న తర్వాతకు మార్చండి. ఆ వారం బరువు దించనక్కరలేదు, సెట్లు (ఒక్కో కసరత్తు చేసే విడతలు) మాత్రం మూడింట ఒక వంతు తగ్గించండి. కూడబెట్టిన కండ ఒక్క వారంలో పోదు. షిఫ్టులో చాయ్ మొదటి సగంలోనే ముగించండి. తెల్లవారుజామున బండి మీద కునుకు వస్తోందనిపిస్తే, ఇల్లు ఎంత దగ్గరైనా సరే, ఆగి ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని బయలుదేరండి.

సమస్య: పరుగు వేగం పెరగదు, కాలి ముందు ఎముక వెంట నొప్పి తగ్గదు

ఇది ఎక్కువగా భర్తీ పిల్లల సమస్య. రాత్రి పన్నెండు దాకా పుస్తకం, పొద్దున నాలుగింటికి మైదానం. 1600 మీటర్ల పరుగు కోసం అంత పట్టుదలగా చేసేవాళ్లను చూస్తే గౌరవం కలుగుతుంది, అందుకే ఆ శ్రమ వృథా పోతుంటే బాధ కూడా కలుగుతుంది. వీరికి నిద్ర చివర తెగుతోంది. ఆరోగ్యవంతులైన యువకులను వారం రోజుల పాటు రాత్రికి ఐదు గంటలే నిద్రపోనిచ్చినప్పుడు పగటిపూట కండ పెరగడానికి తోడ్పడే టెస్టోస్టెరాన్ హార్మోన్ 10 నుంచి 15 శాతం తగ్గినట్లు 2011లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. ఎనిమిది గంటలకు తక్కువ నిద్రపోయే విద్యార్థి క్రీడాకారులకు గాయాల ముప్పు 1.7 రెట్లు ఉన్నట్లు 2014 నాటి మరో అధ్యయనంలో తేలింది.

మే నెలలో 45 డిగ్రీలు దాటే ఈ నేల మీద పరుగును ఆలస్యం చేయమని చెప్పలేను. అందువల్ల పడుకునే వేళే ముందుకు రావాలి. మూడు రోజులకొకసారి పావుగంట చొప్పున జరుపుతూ రాత్రి తొమ్మిదికి చేర్చండి, చదువును మధ్యాహ్నానికి మార్చండి, భోజనం తర్వాత అరగంట కునుకు తీయండి. నొప్పి వేలితో చూపించగలిగినంత ఒకేచోట ఉంటే పరుగు ఆపి డాక్టరుకు చూపించండి, ఎముకలో సన్నని పగులు ఉండవచ్చు.

సమస్య: పడుకున్నా నిద్ర పట్టదు, పట్టినా రెండింటికి మెలకువ వస్తుంది

నిద్ర పట్టాలంటే శరీరం లోపలి వేడి కొంత దిగాలి. మగవారిలో ఒంటి ఎదుగుదలకు, మరమ్మతుకు తోడ్పడే గ్రోత్ హార్మోన్ పెద్ద మోతాదులో విడుదలయ్యేది నిద్ర పట్టిన కొద్దిసేపటికి వచ్చే గాఢనిద్రలో కనుక, మొదటి గంటలు చెడితే నష్టం ఎక్కువ. వేసవిలో కూలర్ పెట్టి కిటికీలన్నీ మూసేసేవారు చాలామంది ఉన్నారు. గాలి బయటికి పోయే దారి లేకపోతే గది చల్లబడదు, తేమతో నిండుతుంది. కూలర్‌కు ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచండి. వానాకాలంలో నీటి పంపు ఆపి ఫ్యాను మాత్రమే నడపండి. పడుకోవడానికి గంటన్నర ముందు గోరువెచ్చని నీటి స్నానం చేస్తే రక్తం చర్మం వైపు వచ్చి వేడి బయటికి పోతుంది. బరువైన కసరత్తు పడుకోవడానికి రెండు గంటల ముందే ముగించండి.

కసరత్తుకు ముందు తాగే, కెఫీన్ దండిగా ఉండే ప్రీ-వర్కౌట్ పొడిని సాయంత్రం ఆరింటికి కలుపుకునేవారికి వేరే కారణం వెతకనక్కరలేదు. పడుకునేందుకు ఆరు గంటల ముందు తీసుకున్న 400 మిల్లీగ్రాముల కెఫీన్ కూడా గంటకు పైగా నిద్రను తగ్గించినట్లు 2013లో రుజువైంది. మద్యం తాగితే నిద్ర త్వరగా పడుతుంది, తర్వాత ముక్కలవుతుంది.

సమస్య: బరువు తగ్గుతోంది, కానీ పొట్ట అలాగే ఉండి చేతులు సన్నబడుతున్నాయి

తిండి తగ్గించిన రోజుల్లో నిద్ర కూడా తగ్గితే శరీరం కొవ్వును వదిలి కండను తింటుంది. 2010 నాటి ఒక చిన్న ప్రయోగంలో ఒకే ఆహారం మీద రెండు వారాలు ఉన్నవారిలో, నిద్రకు ఎనిమిదిన్నర గంటల బదులు ఐదున్నర గంటలే ఇచ్చినప్పుడు, కరిగిన కొవ్వు 55 శాతం తగ్గింది. నిద్ర సరిపడే వారాల్లోనే తిండి తగ్గించండి.

సమస్య: ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున లేవగానే అలసట

గట్టిగా గురక, మధ్యలో ఊపిరి ఆగినట్లు ఇంట్లోవాళ్లు చెప్పడం, పగలు కూర్చున్నచోటే కునుకు: ఇవి ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు) పరీక్ష అవసరం. అవి లేకపోతే రక్తహీనత పరీక్ష చేయించండి. చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు, చాలా కుటుంబాల్లో ఉంది కనుక ఆ పరీక్షను కూడా వదలకండి. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచి మాత్రమే ఆ జన్యువు వచ్చినవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు, అయితే ఎండలో నీళ్లు తాగకుండా ఒళ్లు తెలియనంత పరుగెత్తితే కండ కణాలు చితికిపోయే ప్రమాదం వారికి ఎక్కువ. కసరత్తు తర్వాత మూత్రం చాయ్ డికాక్షన్ రంగులో వస్తే అది కండ చితికిన గుర్తు కావచ్చు, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రెండు నెలలు ఏడెనిమిది గంటల నిద్ర నోటుబుక్కులో కనబడుతున్నా బరువులు కదలకపోతే, లోపం తిండిలోనో కసరత్తు ప్రణాళికలోనో ఉందని గ్రహించాలి. అప్పుడు రోజుకు కిలో శరీర బరువుకు 1.6 గ్రాముల ప్రోటీన్, అంటే 60 కిలోల మనిషికి సుమారు 96 గ్రాములు, పప్పు, గుడ్లు, పాలు, మాంసాల నుంచి అందుతోందో లేదో లెక్కవేయండి.