ఊరిని చదవడం – నాలుగో పాఠం: మిట్టెన్‌వాల్డ్‌లో ఒక పగలు

మొదటి మూడు పాఠాల్లో ఇంట్లో కూర్చునే పని చేశాం. మ్యాప్‌లో ఎత్తు గీతలు చూసి కొండ ఎటు వాలుతుందో, నీళ్ళు ఎటు పారతాయో చెప్పడం, పాత వీధిని కొత్త వీధి నుంచి వేరు చేయడం నేర్చుకున్నాం. ఇక బూట్లు వేసుకుని బయల్దేరాలి. ఈ పాఠానికి ఎంచుకున్న ఊరు జర్మనీ దక్షిణపు అంచున, ఆస్ట్రియా సరిహద్దుని ఆనుకుని ఉన్న మిట్టెన్‌వాల్డ్. మ్యూనిక్‌లో చదువుకుంటున్న మన పిల్లలు పొద్దున వెళ్ళి రాత్రికి గదికి చేరుకోగల దూరం. నేరుగా వెళ్ళే ప్రాంతీయ రైలు దాదాపు రెండు గంటల్లో దింపుతుంది.

మామూలుగా స్టూడెంట్ గ్రూపులు ఇలాంటి ఊళ్ళో ఏం చేస్తాయో మీకు తెలుసు. రైలు దిగగానే రోప్‌వే ఎక్కుతారు, పైన ఫొటోలు తీసుకుంటారు, కిందికి వచ్చి ఏదో ఒకటి తిని తిరుగు రైలెక్కుతారు. ఆ సరదా ఉండాల్సిందే. కానీ మధ్యలో ఊరు అనేది ఒకటి ఉంది. అయిదు వందల ఏళ్ళుగా అక్కడ మనుషులు ఎలా బతికారో గోడల మీద, వీధి వెడల్పులో, నది ఒడ్డున కనిపిస్తూనే ఉంది. దాన్ని చూడకుండా వచ్చేస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. అందుకే రోప్‌వే సంగతి మధ్యాహ్నం ఆలోచిద్దాం.

ఈ రోజంతటికీ ప్రశ్న ఒక్కటే: ఈ ఊరు దేని మీద బతికింది?

నోట్‌బుక్‌లో పేజీని మూడు నిలువు గళ్ళుగా గీయండి. మొదటి గడిలో కంటికి కనిపించింది రాయాలి. రెండో గడిలో దాన్నిబట్టి మీరు ఊహించింది. మూడో గడి ఖాళీగా వదలండి. ఊహ నిజమని గానీ కాదని గానీ తేలాక అది నిండుతుంది. చూసినదాన్నీ ఊహించినదాన్నీ కలిపేసి రాయడం కొత్తవాళ్ళందరికీ ఉండే అలవాటు. "ఇక్కడ డబ్బున్నవాళ్ళు ఉండేవాళ్ళు" అనేది చూసింది కాదు, ఊహించింది. "ఈ ఇంటి తలుపులోంచి బండి పడుతుంది" అనేది చూసింది.

పది మంది వెళ్తే అయిదు జతలుగా విడిపోండి. పది మందీ కలిసి నడిస్తే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే సరిపోతుంది, చూడటం జరగదు. పైగా సన్నటి సందులో అంత మంది ఆగితే ఊళ్ళోవాళ్ళకి ఇబ్బంది. ప్రతి జతకీ ఒక విషయం అప్పగించండి: నీళ్ళు, దారి, గోడలు, చెక్క, ఇళ్ళ పైకప్పులు. మధ్యాహ్నం అందరూ ఒకచోట కూర్చుని చెప్పుకోవాలి. టికెట్ల గురించి ఒక్క మాట. డోయిష్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా పనిచేసే నెలవారీ టికెట్) ప్రాంతీయ రైళ్ళలో చెల్లుతుంది. అది లేనివాళ్ళు అయిదుగురు వరకూ కలిసి ఒక బయ్యర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రంలో ఒక రోజుకి పనిచేసేది) తీసుకోవచ్చు, కానీ సోమవారం నుంచి శుక్రవారం దాకా అది ఉదయం తొమ్మిది తర్వాతే పనిచేస్తుంది. ఆదివారం వెళ్తే దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి కాబట్టి పులిహోర పొట్లం వెంట ఉండటం మంచిది.

రైల్లోనే మొదటి అభ్యాసం

గార్మిష్-పార్టెన్‌కిర్షెన్ దాటాక ఫోన్లు లోపల పెట్టేయండి. గార్మిష్ సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుంచి రైలు ఎక్కుతూ క్లైస్ అనే చిన్న స్టేషన్ దగ్గర 930 మీటర్లు దాటుతుంది. ఆ తర్వాత కాస్త దిగి మిట్టెన్‌వాల్డ్ చేరుతుంది. ఈ ఎక్కడం, దిగడం ఎక్కడ మారిందో కిటికీలోంచి పట్టుకోవాలి. ఎందుకంటే అక్కడ మీరు ఒక నది లోయ దాటి మరో నది లోయలోకి వచ్చారు. గార్మిష్ నీళ్ళు లోయిసాఖ్ నదివి. మిట్టెన్‌వాల్డ్ నీళ్ళు ఈజార్ నదివి. మూడో పాఠంలో మ్యాప్ మీద గీసిన నీటి విభజన గీత ఇదే.

1912లో పూర్తయిన ఈ రైలు మార్గం ఇక్కడి నుంచి ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ దాకా పోతుంది. దీన్ని కరెంటుతో నడపాలనే కట్టారు. ఇంత నిటారుగా ఎక్కే దారికి ఆ కాలపు ఇంజనీర్లు కరెంటుని ఎంచుకున్నారంటే కొండల్లో పడే నీళ్ళు ఏమేం చేయగలవో వాళ్ళకి తెలుసన్నమాట.

నీళ్ళు

స్టేషన్ నుంచి ముందు ఈజార్ మీది వంతెన దగ్గరికి వెళ్ళండి. నీళ్ళ రంగు చూడండి. లేత ఆకుపచ్చ, అడుగున తెల్లటి గులకరాళ్ళు. తల ఎత్తితే కార్వెండెల్ పర్వతాల గోడ అదే తెలుపు బూడిద కలిసిన రంగులో నిలబడి ఉంటుంది. మొదటి జత నోట్‌బుక్ ఇలా ఉండొచ్చు:

చూసింది: నదిలోని రాళ్ళు, కొండ గోడ ఒకే రంగు. ఊహించింది: నది ఆ కొండనే కొరుక్కుని తెస్తోంది. తేలింది: కార్వెండెల్ ఎక్కువగా సున్నపురాయి కొండలు, ఈజార్ పుట్టేదీ వాటిలోనే, ఆస్ట్రియా వైపు.

ఇక అసలు ప్రశ్న. ఇది ఎటు పారుతోంది? ఉత్తరానికి. అలా పోయి పోయి మీ యూనివర్సిటీ ఉన్న మ్యూనిక్ నగరం మధ్యలోంచే వెళ్తుంది. ఎండాకాలం సాయంత్రాలు మీరు ఒడ్డున కూర్చునే నది ఇదే. రైళ్ళు రాని రోజుల్లో ఇక్కడి నుంచి దుంగల తెప్పలు కట్టి, వాటి మీద సరుకులు పెట్టి మ్యూనిక్‌కి తీసుకెళ్ళేవాళ్ళు. కలపను మోసుకెళ్ళే పని లేదు, కలపే బండి అయ్యేది. దిగాక తెప్ప విప్పి దుంగలు కూడా అమ్ముకునేవాళ్ళు.

వీలైతే కొంచెం ఉత్తరాన క్ర్యూన్ దాకా మ్యాప్‌లో వేలు జరిపి చూడండి. అక్కడ నదికి అడ్డంగా ఆనకట్ట ఉంది. చాలా నీళ్ళని పక్కకి మళ్ళించి వాల్ఖెన్‌జే సరస్సులోకి పంపుతారు. అక్కడి జల విద్యుత్ కేంద్రం 1924 నుంచి నడుస్తోంది. ఆనకట్ట కింద నది ఒక్కసారిగా సన్నబడటానికి కారణం అది. ఉపగ్రహ చిత్రంలో కూడా స్పష్టంగా కనిపిస్తుంది.

దారి

ఇప్పుడు ఓబర్‌మార్క్ట్ వీధిలోకి రండి. ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి. కొండ ఊరికి ఇంత వెడల్పు వీధి ఎందుకు? పశువులు మేపుకునే ఊరికి ఇది అక్కర్లేదు. అడుగులతో కొలవండి. ఇళ్ళ తలుపులు చూడండి. కొన్ని మనిషి కోసం చేసిన తలుపులు కావు, సరుకు కోసం చేసినవి.

సంగతి ఏమిటంటే ఆల్ప్స్‌ని దాటి ఇటలీలోని వెనిస్‌కీ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కీ మధ్య నడిచిన వర్తక దారి ఈ ఊళ్ళోంచే పోయేది. 1487లో వెనిస్ వాళ్ళకీ, ఆల్ప్స్‌లోని టిరోల్ ప్రాంతపు పాలకుడు సిగ్మండ్‌కీ గొడవ వచ్చింది. అప్పటిదాకా బోట్సెన్‌లో, అంటే ఇప్పటి ఇటలీలోని బోల్జానోలో, జరిగే పెద్ద సంతను వెనిస్ వర్తకులు ఇక్కడికి మార్చేశారు. 1679 దాకా అది ఇక్కడే సాగింది. దాదాపు రెండు వందల ఏళ్ళు! పట్టు, సుగంధ ద్రవ్యాలు, ద్రాక్షసారా ఉత్తరానికి వెళ్తుంటే, లోహాలు, బట్టలు దక్షిణానికి వెళ్ళేవి. బయటి బండ్లు ఊరు దాటి నేరుగా పోవడానికి లేదు. సరుకు ఇక్కడ దించాలి, గిడ్డంగిలో పెట్టాలి, తర్వాతి మజిలీ దాకా మోసే హక్కు ఊరివాళ్ళదే. ఊళ్ళో ప్రతి ఇంటికీ ఏదో ఒక రూపంలో ఆ దారి అన్నం పెట్టింది.

అయితే ఒక జాగ్రత్త. ఇప్పుడు కళ్ళకి కనిపించే ఇళ్ళన్నీ ఆ కాలానివని రాసేయకండి. ఇళ్ళు కాలిపోతాయి, మళ్ళీ కడతారు. మారకుండా మిగిలేది ఎక్కువగా వీధి గీతే. ఇంటి వయసు కన్నా వీధి వయసు ఎప్పుడూ ఎక్కువ అని నేను విద్యార్థులకి మొదటి రోజే చెబుతాను.

సంత పోయాక దారి కూడా పోయిందా? లేదు. 1786 సెప్టెంబరులో ఇటలీకి వెళ్తూ జర్మన్ కవి గోథే ఈ ఊళ్ళోనే ఒక రాత్రి బస చేశాడు. ఆ ఇంటి మీద ఆయన పేరు ఉంది, వెతకండి. మూడో గడిలో రాసుకోవాల్సింది: సంత వెళ్ళిపోయి వందేళ్ళయినా ఇటలీకి దారి ఇదే.

గోడలు

ఫొటోలు ఎక్కువగా పడేది ఇక్కడే. ఇంటి ముందు గోడ నిండా బొమ్మలు. దీన్ని లుఫ్టల్‌మాలరై అంటారు. తడి సున్నం పూత ఆరేలోపు రంగులు వేస్తారు, అందుకే రంగు గోడలోకి ఇంకిపోయి ఇన్నేళ్ళు నిలుస్తుంది. 18వ శతాబ్దంలో ఇది బాగా విస్తరించింది. మిట్టెన్‌వాల్డ్‌లో ఫ్రాంజ్ కార్నర్ అనే చిత్రకారుడి పని ప్రసిద్ధం. చర్చి గంటల గోపురం మీద కూడా బొమ్మలే. ఆ సెయింట్ పీటర్ అండ్ పాల్ చర్చిని యోసెఫ్ ష్ముట్సర్ కట్టాడు, లోపలి కప్పు మీద చిత్రాలు మత్తేయుస్ గ్యుంటర్‌వి. లోపలికి వెళ్తే గొంతు తగ్గించండి. ప్రార్థన జరుగుతుంటే బయటే ఆగండి.

గోడల జతకి నాకు చాలా ఇష్టమైన అభ్యాసం ఒకటి. కిటికీల చుట్టూ చెక్కినట్టు ఉన్న చట్రాలు, స్తంభాలు, కమానులు గమనించండి. వాటిలో చాలావరకు రాయి కాదు, రంగు. నిజమైనదేదో, గీసినదేదో ఎలా తెలుస్తుంది? నీడని చూడండి. చిత్రకారుడు గీసిన నీడ పొద్దున్నా సాయంత్రమూ ఒకే వైపు ఉంటుంది. నిజమైన చూరు నీడ ఎండతో పాటు జరుగుతుంది. పొద్దున పది గంటలకి ఒక గోడని పెన్సిల్‌తో గీసుకుని, మధ్యాహ్నం మూడింటికి అదే చోట నిలబడి మళ్ళీ గీయండి. జరిగిన నీడలు నిజం, జరగనివి బొమ్మ. ఫొటో వద్దు, చేత్తోనే గీయండి. చెయ్యి గీస్తేనే కన్ను ఆగుతుంది.

ఇంకొకటి: చేతిలో నీళ్ళ కుండతో మండుతున్న ఇంటి మీద నీళ్ళు పోస్తున్న సైనికుడి బొమ్మ కనిపిస్తే ఆయన సెయింట్ ఫ్లోరియన్. అగ్ని ప్రమాదాల నుంచి కాపాడతాడని నమ్మకం. చెక్కతో కట్టి, లోపల పొయ్యి వెలిగించుకుని, చలికాలమంతా గడపాల్సిన ఊరికి దేని భయం ఎక్కువో ఆ గోడే చెబుతోంది.

చెక్క

చర్చి పక్కన ఒక కంచు విగ్రహం కూర్చుని వయొలిన్ చేస్తూ ఉంటుంది. ఆయన మథియాస్ క్లోట్స్, 1653లో ఇక్కడే పుట్టి 1743లో చనిపోయాడు. ఇటలీలోని పాడువాలో పని నేర్చుకుని తిరిగొచ్చి, కొడుకులకీ ఊరివాళ్ళకీ వయొలిన్ చేయడం నేర్పాడు. ఆయన పాడువా వెళ్ళింది ఏ దారిన అయ్యుంటుందో ఇప్పుడు మీకు వేరే చెప్పక్కర్లేదు.

సంత 1679లో బోట్సెన్‌కి తిరిగి వెళ్ళిపోయింది. ఊరికి ఆదాయం పడిపోయిన కాలం అది. దగ్గరలోని కొండల్లో స్ప్రూస్, మేపుల్ చెట్లు ఉన్నాయి. వయొలిన్ పై పలకకి స్ప్రూస్, వెనక పలకకి మేపుల్ వాడతారు. ఎత్తైన చలి ప్రదేశాల్లో స్ప్రూస్ నెమ్మదిగా పెరుగుతుంది, కాండంలో ఏటా పడే వలయాలు దగ్గర దగ్గరగా, సమంగా పడతాయి. అలాంటి చెక్క తేలిగ్గానూ గట్టిగానూ ఉంటుంది, నాదం బాగా పలుకుతుంది. కలప, చేతిపని, అమ్ముకోవడానికి దారి, మూడూ ఒకేచోట కలిశాయి. 1858లో ఇక్కడ వయొలిన్ తయారీ పాఠశాల పెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. 1930 నుంచి మ్యూజియం కూడా ఉంది.

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు వింటూ పెరిగిన ఇళ్ళ పిల్లలు ఈ మ్యూజియంలో కాసేపు ఎక్కువే ఉండండి. మనం కింద కూర్చుని ఛాతీకీ పాదానికీ ఆనించుకుని వాయించే వాద్యం పలకలుగా, మెడగా, పెగ్గులుగా విడివిడిగా ఎలా పుడుతుందో అక్కడ చూడొచ్చు. అభ్యాసం: పై పలక మీద వలయాల గీతలు చూసి, ఒక సెంటీమీటరులో ఎన్ని ఉన్నాయో అంచనా వేయండి. గాజు అద్దానికి ముక్కు ఆనించకుండా!

కప్పులు, కొండ

కప్పుల జతకి పని తక్కువ. చూరు గోడ దాటి ఎంత ముందుకి వచ్చిందో చూసి, మంచు నుంచీ వాన నుంచీ గోడని, కట్టెల మోపుని అది ఎలా కాపాడుతుందో రాస్తే చాలు.

మధ్యాహ్నం నదీ తీరాన తిని, అయిదు జతలూ చెప్పుకున్నాక రెండు మూడు గంటలు మిగులుతాయి. కార్వెండెల్ రోప్‌వే 1967 నుంచి ఉంది, 2,244 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. ఊరు సుమారు 920 మీటర్ల ఎత్తులో ఉంది. ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనుకుంటే పైన ఎంత చలి ఉంటుందో ఎక్కే ముందే లెక్క కట్టండి. కింద 22 డిగ్రీలుంటే పైన 13, 14. టీషర్టుతో వెళ్ళే పని కాదు. ఆఖరి రోప్‌వే కిందికి ఎప్పుడు దిగుతుందో టికెట్ దగ్గరే అడగాలి.

ఈ పాఠం వరకైతే నేను క్రాంట్స్‌బెర్గ్‌నే సిఫారసు చేస్తాను. 1,391 మీటర్ల చిన్న కొండ, రోప్‌వేకి ఎదురు పక్క. అంత పై నుంచి చూస్తే ఊరు చుక్క అవుతుంది, ఇక్కడి నుంచి చూస్తే ఊరు ఊరులాగే ఉంటుంది: నది ఒక గీత, రైలు ఒక గీత, పాత దారి ఒక గీత, మూడూ ఇరుకు లోయలో పక్కపక్కనే. దారి పలకల మీద రాసిన సమయంలో విశ్రాంతి కలవదు. నీలం గుర్తు తేలిక దారి, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం. నలుపు వైపు అలవాటు లేనివాళ్ళు వెళ్ళొద్దు. వేసవిలో మధ్యాహ్నం తర్వాత ఉరుములొస్తే వెంటనే దిగిపోవాలి. ఆపద వస్తే 112. దారిలో ఎదురైనవాళ్ళకి "గ్రూస్ గాట్" అనండి, వాళ్ళూ అంటారు. మీకు జర్మన్ వచ్చినంతలోనే ఒక ముసలాయన్నో ముసలమ్మనో పలకరించి, ఊళ్ళో చలికాలం ఎలా ఉంటుందో అడగండి. మూడో గడి చాలాసార్లు అలాంటి మాటలతోనే నిండుతుంది.

ఇంటి పని

తిరుగు రైల్లో మీ మూడు గళ్ళూ ఇంకొకరికి ఇవ్వండి. చూసినదాని గడిలోకి ఊహ చొరబడిన వాక్యాలన్నిటికీ వాళ్ళు ఎర్ర గీత పెట్టాలి. అవి తిరగరాయండి.

అయిదో పాఠం ఓబరామర్‌గౌ గురించి. అది కూడా ఆల్ప్స్ ఊరే, అక్కడా గోడల నిండా బొమ్మలే, అక్కడా చెక్క పనే. కానీ అది మొక్కు తీర్చుకుంటున్న ఊరు. 1633లో ప్లేగు వచ్చినప్పుడు మొక్కుకుని, 1634 నుంచి క్రీస్తు కథను నాటకంగా ఆడుతున్నారు. ఈలోగా మ్యాప్ తీసి రెండు విషయాలు చూసి ఉంచండి: ఓబరామర్‌గౌ పక్కన పారే నది ఏది, అది చివరికి ఏ నదిలో కలుస్తుంది? మిట్టెన్‌వాల్డ్‌కి ఉన్నట్టు ఆ ఊరి మీదుగా ఇటలీకి దారి ఉండే వీలుందా? జవాబులు రెండో గడిలోనే రాయండి, మూడో గడి అక్కడికి వెళ్ళాక.